తెల్లబరిచిన పళ్ళకు పొటాషియం నైట్రేట్ పేస్టు: ఏడాది పైగా వాడిన అనుభవం

పళ్ళు తెల్లబరిపించుకుంటే కొన్నాళ్ళు జివ్వుమంటాయని డెంటిస్టు ముందే చెప్పారు. తెల్లబరిచే జెల్లులోని పెరాక్సైడు ఎనామిల్‌ను, అంటే పంటి గట్టి పైపొరను, దాటి లోపలి నాడి దాకా చేరడమే కారణం. చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. నాకు ముందుపన్ను దగ్గర చిగురు కాస్త జారి ఉండటంతో బాధ తొందరగా వదల్లేదు. డిసెంబరులో బెంగళూరు కుళాయి నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో తెలుసు కదా! నోట్లో పోసుకోగానే పంటిలోంచి కణత దాకా తీగ లాగినట్టుండేది.

అప్పుడు మొదలుపెట్టిన పేస్టును ఇప్పటికీ వదల్లేదు. కొనేటప్పుడు డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. పొటాషియం నైట్రేట్ 5 శాతం ఉండాలి, ఫ్లోరైడ్ కూడా ఉంటే మరీ మంచిది. పొటాషియం నాడిని నెమ్మదిగా శాంతపరుస్తుంది. రోజూ రెండు పూటలా వాడితే రెండు నుంచి నాలుగు వారాలకు గుణం తెలుస్తుంది. మొదటి వారంలోనే విసిగి పక్కన పడేయకండి.

వాడే తీరు చాలా ముఖ్యం. రాత్రి తోముకున్నాక నురగ ఉమ్మేసి ఊరుకుంటాను, నీళ్ళతో పుక్కిలించను. జివ్వుమనే పంటి మొదట్లో కాస్త పేస్టు వేలితో అద్ది అలాగే పడుకుంటాను. నాకు అసలు తేడా కనిపించింది ఈ అలవాటుతోనే. ఇప్పుడు గాంధీ బజారులో ఐసు వేసిన చెరుకురసం నిశ్చింతగా తాగుతున్నాను. తర్వాత ఇంట్లో ట్రేతో (జెల్లు వేసి పళ్ళకు తొడుక్కునే అచ్చు) మరోసారి తెల్లబరుచుకున్నప్పుడు, డాక్టరు సలహాతో ముందుగా ఇదే మందున్న జెల్లును ట్రేలో వేసి కాసేపు పెట్టుకున్నాను. ఆసారి బాధ దాదాపు తెలియలేదు.

రంగు నిలబెట్టడం ఈ పేస్టు పని కాదు, అది మన చేతుల్లోనే ఉంది. బెంగళూరులో ఉంటూ ఫిల్టర్ కాఫీ మానడం నా వల్ల కాదు. కానీ గంటసేపు చప్పరిస్తూ కూర్చోకుండా ఒక్క విడతలో తాగేసి, వెంటనే మంచినీళ్ళతో పుక్కిలిస్తాను. నిమ్మరసం, చింతపండు పులుసు తర్వాత అరగంట దాకా బ్రష్షు ముట్టను, పులుపుకు ఎనామిల్ మెత్తబడి ఉంటుంది కాబట్టి. బొగ్గుపొడులను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. మరకతో పాటు ఎనామిల్‌నూ అరగదీస్తే లోపలి పసుపు డెంటిన్ కనబడుతుంది, జివ్వుమనడమూ పెరుగుతుంది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఎక్కువ రోజులు వాడినా గోధుమరంగు మరకలు పడతాయి.

మామూలు పేస్టు కన్నా ఖరీదెక్కువ, అదొక్కటే నా ఫిర్యాదు. నెల వాడినా ఒకే పన్ను లాగుతుంటే, వేడి తగిలాక నొప్పి నిలిచిపోతుంటే పేస్టులు మారుస్తూ కూర్చోకండి. పుచ్చో పగులో అయి ఉండవచ్చు, డెంటిస్టు దగ్గరకు వెళ్ళి ఎక్స్‌రే తీయించుకోండి.