పెన్న ఎంబడి తాడిపత్రి నుంచి సిద్ధవటం దాకా: ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ వద్దు

మాది కర్నూలు, మాకు ఏరు అంటే తుంగభద్రే. పెన్న అంటే కడప పోయేటప్పుడు బ్రిడ్జి మీంచి కనపడే ఇసుక, అంతే. మా బావమరిది మాత్రం "బావా, ఎన్నిసార్లని ఆ బెలూం గుహలే చూస్తాం, ఈసారి పెన్న ఎంబడే పోదాం" అని పట్టుబట్టినాడు. కారు వానిది, డీజిల్ నాది.

మొదట తాడిపత్రి. ఉగ్గాని, బజ్జీ తిని బుగ్గ రామలింగేశ్వర గుడికి పోయినాం, సరిగ్గా పెన్న ఒడ్డు మీదే ఉంటుంది. గోపురాలు సగంలోనే ఆగిపోయినాయి, పైన ఏమీ లేదు, కానీ ఆ కింది సగం ఉంది చూడండి, జానెడు జాగా వదలకుండా చెక్కినారు, ఒక ఆడమనిషి బొమ్మ దగ్గర మా ఆవిడ కదలనే లేదు, చీరె కుచ్చిళ్లు, కాలి అందెలు అన్నీ విడివిడిగా కనపడతాయి. ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణ గుడిలో రథం ఆకారంలో గరుడ మండపం ఉంది, అది కూడా వదలొద్దు. దాన్ని కట్టించింది పెమ్మసాని తిమ్మనాయుడు, గండికోటని ఏలింది కూడా ఆ పెమ్మసాని వాళ్లే. అంటే అప్పట్లో ఈ ఏరంతా ఒక్క ఇంటోళ్ల చేతిలో ఉండింది, ఇప్పుడు తాడిపత్రి అనంతపురం జిల్లా, గండికోట కడప జిల్లా.

రెండు గుళ్లూ శుభ్రంగా ఉన్నాయి, వంక పెట్టడానికి లేదు. కానీ గోడ అవతల ఏట్లోకి చూస్తే కంపచెట్లు, ఆ మధ్యలో మురుగు కాలవ. ఊరి బయట రోడ్డు పక్కన నాపరాళ్ల పాలిష్ స్లర్రీ తెల్లగా కుప్పలు పోసినారు, వానొస్తే అదంతా యాడికి పోతుందో చెప్పక్కర్లేదు. గుడి పురావస్తు శాఖది, ఏరు ఇరిగేషన్ వాళ్లది, చెత్త మురుగు మున్సిపాలిటీలు, పంచాయతీలు చూసుకోవాల్సింది. ఈ గొడవే దారి పొడుగునా నా బుర్రలో తిరుగుతా ఉండింది.

గండికోట గురించి అందరూ రాసేదే, సాయంత్రం ఎండకి ఆ ఎర్రటి బండలు, కింద సన్నగా పెన్న, ఫోటోల్లో చూసినదానికంటే బాగుంటుంది, ఒప్పుకుంటా. కోటలో మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూడండి, జనాలంతా లోయ అంచున సెల్ఫీలకి ఎగబడతారు కాబట్టి ఇవి ప్రశాంతంగా ఉంటాయి. అంచున చాలా చోట్ల కంచె లేదు, పిల్లల చెయ్యి వదలొద్దు. నాకు ఒళ్లు మండింది మాత్రం ఆ బండల సందుల్లో చూసి, నీళ్ల బాటిళ్లు, చిప్స్ ప్యాకెట్లు లోపలికంటా కూరుకుపోయి ఉన్నాయి, చెయ్యి పెట్టి తీద్దామన్నా అందవు.

బస విషయం. టూరిజం వాళ్ల రిసార్ట్ కోటకి దగ్గర్లోనే ఉంది, వీకెండ్ అయితే ముందే బుక్ చేసుకోవాలి, మాకు దొరకలేదు. ప్రైవేట్ టెంట్లలో ఉన్నాం, పేరు చెప్పను, అన్ని టెంట్లకీ కలిపి ఒకటే బాత్రూము, అర్ధరాత్రి దాటినా సౌండ్ బాక్సులు ఆపలేదు, భోజనం మాత్రం సూపర్, రాగి సంగటి, నాటుకోడి పులుసు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉంటే జమ్మలమడుగులో లాడ్జి తీసుకొని పొద్దున్నే కోటకి రావడం మేలు.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలీదు. లోయకి ఎగువన ఉన్న గండికోట ప్రాజెక్టు 26.85 టీఎంసీలది, అందులోకి వచ్చేది ఎక్కువగా శ్రీశైలం నుంచి అవుకు మీదుగా తెచ్చిన కృష్ణా నీళ్లు. దాని కింద కొండాపురం మండలంలో ఊర్లకి ఊర్లే మునిగిపోయినాయి. 2024లో కేంద్రం గండికోట టూరిజానికి 77.91 కోట్లు మంజూరు చేసింది, సంతోషమే, కానీ ఎగువ ఊర్ల మురుగు ఏట్లో కలుస్తుంటే కోట పైన ఎన్ని హంగులు కడితే ఏం లాభం అబ్బా?

మా తుంగభద్రకి 2020లో పుష్కరాలు వచ్చినాయి, కోవిడ్ టైమే అయినా కర్నూల్లో ఘాట్లు కట్టినారు, రోడ్లు వేసినారు. కలెక్టర్, కార్పొరేషన్, ఇరిగేషన్, దేవాదాయ శాఖ, పోలీసులు అందరూ ఒక టేబుల్ ముందు కూర్చోక తప్పదు, డేట్ ముందే ఫిక్స్ అయి ఉంటుంది కదా. పెన్నకి పుష్కరాలు లేవు. ఆ పన్నెండు నదుల లిస్టులో దీని పేరే లేదు, అందుకే దీని కోసం అందర్నీ కూర్చోబెట్టే తేదీ అంటూ రాదు. రాజ్యాంగంలో 243జెడ్‌డి ఆర్టికల్ కింద జిల్లా ప్లానింగ్ కమిటీ అని ఒకటుంది, పంచాయతీల ప్లాన్లు, మున్సిపాలిటీల ప్లాన్లు కలిపి ఒకే జిల్లా ప్లాన్ చెయ్యడం దాని పని. సరే, అది జిల్లా దాటి రాదు, ఏరు దాటి పోతుంది. తాడిపత్రి, జమ్మలమడుగు, కడప వాళ్లు, మధ్యలో పంచాయతీల సర్పంచులు ఏడాదికోసారైనా కలిసి కూర్చుంటే సగం పనులు అవుతాయి, మురుగు ఎవరు ఆపాలి, ఇసుక యాడ తవ్వకూడదు, బస్సు యాడ ఆగాలి, ఇంతే కదా.

పుష్పగిరి నాకు అన్నిటికంటే నచ్చింది. కడప నుంచి కర్నూలు రోడ్డులో చెన్నూరు దగ్గర తిరగాలి. చెన్నకేశవ స్వామి గుడి గోడల మీద బొమ్మలు తీరిగ్గా చూడండి, టైం పెట్టుకొని పోవద్దు. బోర్డులు సరిగ్గా లేవు, తినడానికి ఏమీ దొరకదు, నీళ్లు కూడా తీసుకుపోవాలి. దగ్గర్లోనే ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట, సుంకేసులలో మొదలైన మా కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలవ) వచ్చి పెన్నలో కలిసేది అక్కడే, కర్నూలోనిగా నాకు భలే అనిపించింది. ఏటి ఒడ్డున మేకలు తోలుకొస్తున్న పెద్దాయన్ని "తాతా, ఈ నీళ్లు ఎప్పుడూ ఉంటాయా?" అని అడిగితే "పైనోళ్లు వదిల్తే ఉంటాయి నాయనా, లేకుంటే లే" అన్నాడు. మా బావమరిది కారెక్కి కూడా అదే మాట అంటా నవ్వుతా ఉన్నాడు.

సిద్ధవటం కోట కూడా పెన్న ఒడ్డునే, గంటలో అయిపోతుంది, ఎండాకాలం మాత్రం వద్దే వద్దు. అక్కణ్ణుంచి ఒంటిమిట్ట దగ్గర. 2015 నుంచి కోదండరామాలయం టీటీడీ చేతిలో ఉంది, ఫలానా పని ఎవరిదని వెతుక్కోనక్కర్లేదు, ఆ తేడా మెట్లెక్కకముందే తెలుస్తుంది.

రాత్రికి కడపలోనే ఉండండి, హోటళ్లు బోలెడు, అన్ని రేట్లలో దొరుకుతాయి, పొద్దున కారం దోశ తినకుండా బయల్దేరొద్దు. చిన్న పిల్లలుంటే తాడిపత్రి, పుష్పగిరి, ఒంటిమిట్ట చాలు, కుర్రాళ్లయితే గండికోటకే ఎక్కువ టైం ఇవ్వండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపల పెట్టుకుంటే మంచిది, సొంత బండి లేకపోతే పుష్పగిరికి కడపలో ఆటో మాట్లాడుకొని, తిరుగు ప్రయాణానికి కూడా వాన్నే ఉండమనండి.