పాత ఎంఎం 540, కొత్త థార్: రొయ్యల గుంటల గట్ల మీద రెండూ వాడి చూశాక

మాకు నెల్లూరు జిల్లాలో అల్లూరు వైపు సముద్రానికి దగ్గరగా రొయ్యల గుంటలు, పొదలకూరు దగ్గర మెట్ట మీద నిమ్మతోట ఉన్నాయి. ఈ రెండు చోట్లకూ తిరగడానికి చాలా ఏళ్లు మహీంద్రా ఎంఎం 540 జీపునే నమ్ముకున్నాం. 2021లో అదే కంపెనీ డీజిల్ థార్, చేత్తో గేర్లు మార్చే బండి, కొన్నాం. జీపును మాత్రం అమ్మలేదు. ఒకే గట్టు మీద, ఒకే వానలో రెండింటినీ నడుపుతూ వచ్చిన వాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇంట్లో ఒక్క బండే ఉండాలంటే థార్‌నే ఉంచుకుంటాను. అయితే చాలామంది అనుకునే కారణానికి కాదు. కొత్త బండి బురదలో గెలుస్తుందని కొనేవాళ్లు ఎక్కువ. నా అనుభవంలో అది గెలిచేది తారు రోడ్డు మీద, ఇసుకలో. మా బంకమట్టి గట్ల మీద పాత జీపుకు ఇప్పటికీ సాటి లేదు.

అంకెల్లో చూస్తే పోలికే పెట్టకూడదు. జీపులో ఉన్నది ప్యూజో నమూనాకు చెందిన 2,112 సీసీ ఎక్స్‌డీపీ ఇంజను. దాని బలం 60 హార్స్ పవర్ పైచిలుకు, గేర్లు నాలుగు. థార్‌లో 2,184 సీసీ ఇంజను 130 హార్స్ పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది, గేర్లు ఆరు. కానీ గట్టు మీద బండిని ముందుకు నడిపేది ఇంజను ఒక్కటే అయితే, ఈ సమీక్ష ఇక్కడితో ముగిసిపోయేది.

మా వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. అప్పుడు గుంటల గట్ల మీద పైన నాలుగు వేళ్ల మందాన జారుడు బంక, దాని కింద తొక్కి తొక్కి గట్టిపడిన మట్టి ఉంటాయి. జీపు 6.00-16 సన్న టైర్లు ఆ బంకను కోసుకుంటూ కిందికి దిగి గట్టి నేలను పట్టుకుంటాయి. థార్ 255 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు ఆ బంక మీదే తేలుతాయి. కంపెనీ టైర్ల గాడులు రెండు చుట్లు తిరగకముందే మట్టితో నిండి నున్నగా అయిపోతాయి, ఆ తరువాత వెనుక భాగం మెల్లగా గుంట వైపు జారుతుంది. పైగా థార్ బరువు 1,700 కిలోలకు పైమాటే, జీపు అంతకంటే చాలా తేలిక. వానకు నానిన గట్టు అంచు విరిగితే ఆ తేడా ఎంతటిదో మేత బస్తాలు దింపే కూలీలను అడిగినా చెబుతారు. జీపు మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య చెయ్యి పెట్టేంత ఖాళీ ఉంటుంది, పట్టిన మట్టి పట్టినట్టే రాలిపోతుంది. కందుకూరు, ఒంగోలు వైపు నల్లరేగడిలో పొగాకు చేలకు తిరిగే రైతులు కూడా సన్న టైర్ల వైపే మొగ్గడానికి కారణం ఇదే.

ఇసుకలో ఈ లెక్క తలకిందులవుతుంది. మైపాడు దగ్గర తీరం వెంబడి గానీ, ఎండాకాలం పెన్నలో గానీ సన్న టైరు ఇసుకను తవ్వుకుని కూర్చుంటుంది, వెడల్పు టైరు మీదుగా సాగిపోతుంది. థార్ టైర్లలో గాలిని 18 పీఎస్‌ఐ వరకు తగ్గించి, నాలుగు చక్రాలకూ బలం అందే ఫోర్ వీల్‌లో రెండో గేరుతో ఆగకుండా నడిపితే మెత్తటి ఇసుక కూడా ఇబ్బంది పెట్టదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఈఎస్‌పీని బటన్ నొక్కి ఆపివేయాలి. చక్రం వట్టిగా తిరుగుతోందని గమనించిన ఎలక్ట్రానిక్స్ ఇంజను బలాన్ని తగ్గిస్తుంది. ఇసుకలో బలం తగ్గిన ఆ క్షణమే బండి కూరుకుపోతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు టైర్లలో గాలి పట్టించాలి, ఫోర్ వీల్ తీసేయాలి. ఈ రెండు బండ్లలోనూ ముందు, వెనుక ఇరుసుల మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు కాబట్టి తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలుపులు తిప్పితే గేరు భాగాలన్నీ బిగుసుకుంటాయి. తీరం నుంచి వచ్చి అదే ఫోర్ వీల్‌తో నెల్లూరు దాకా వెళ్లే కుర్రాళ్లను చూసినప్పుడల్లా ఆ గేర్‌బాక్సుల మీద జాలి కలుగుతుంది.

ఒక చక్రం గాలిలోకి లేచినప్పుడు రెండు బండ్లూ ఏం చేస్తాయో దగ్గరగా చూడాలి. తోట దగ్గర వాగు దాటే చోట జీపుకు ఎప్పుడూ వెనుక చక్రం ఒకటి లేస్తుంది, బలమంతా ఆ లేచిన చక్రానికే పోయి అది వట్టిగా తిరుగుతుంది. అప్పుడు వేగం తగ్గించి బలం పెంచే లో గేరులో కుడికాలు యాక్సిలరేటర్ మీద ఉంచి ఎడమకాలితో బ్రేకును కొద్దికొద్దిగా నొక్కుతాను. తిరిగే చక్రానికి అడ్డు తగిలి, నేల మీద ఉన్న చక్రానికి కాస్త బలం చేరి బండి కదులుతుంది. థార్‌లో ఇదే పనిని ఎలక్ట్రానిక్స్ ఒక్క చక్రానికి మాత్రమే బ్రేకు వేసి చేస్తుంది, అందువల్ల మిగతా చక్రాల బలం వృథా కాదు. దానికి తోడు వెనుక రెండు చక్రాలనూ కలిపి తిప్పే మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ కూడా ఉంది. మా నాన్నకు జీపులో ఆ బ్రేకు నైపుణ్యం కాలికి రావడానికి ఏళ్లు పట్టింది. నిన్న గాక మొన్న లైసెన్సు తీసుకున్న మా తమ్ముడి కొడుకు థార్‌తో అదే వాగును మొదటి రోజే దాటాడు. ఇది చిన్న విషయం కాదు.

నీటి విషయంలో మాత్రం కొత్త బండి మనకు లేని ధైర్యాన్ని ఇస్తుంది, అదే ప్రమాదం. 2021 నవంబరులో పెన్న వరదకు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ తెగిన రోజుల్లో మా చుట్టుపక్కల వాగులన్నీ పొంగాయి. థార్‌కు చెప్పే 650 మిల్లీమీటర్ల లోతు నిలువ నీటికి సంబంధించిన లెక్క. వేగంగా పారే నీరు మోకాలి లోతున్నా ఇలాంటి బండిని పక్కకు నెట్టేయగలదు. ఆ వారం రెండు బండ్లనూ ఇంటి దగ్గరే నిలిపాం. నిలువ నీటిలో అయితే జీపుకు భయం తక్కువ, ఎందుకంటే ఒకసారి స్టార్ట్ అయ్యాక దానికి కరెంటుతో పనే లేదు, ఆపాలన్నా చేత్తో తీగ లాగవలసిందే. ఏ బండితో నీటిలోకి దిగినా మరునాడు ఇరుసుల్లోని ఆయిల్ చూడటం మరిచిపోకూడదు. అది పాలు కలిసిన టీలా కనిపిస్తే లోపలికి నీరు చేరినట్టే, వెంటనే మార్చించాలి. గుంటల ఉప్పునీరు తగిలితే అదే రోజు చాసిస్‌ను మంచినీటితో కడగాలి. తుప్పుకు పాత, కొత్త తేడా లేదు.

ఇక జీపును పక్కన పెట్టక తప్పని చోటు రహదారి. నా జీపుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. వాగు దాటాక అవి తడిసి కొంతదూరం పట్టవు, నొక్కి నొక్కి ఆరబెట్టుకోవాలి. వెనుక బల్లల మీద ఎదురెదురుగా కూర్చున్న పిల్లలకు బెల్టులు లేవు, పైన ఉన్నది టార్పాలిన్. లారీల మధ్య జాతీయ రహదారి మీద ఆ పిల్లలతో వెళ్లిన రోజులు గుర్తొస్తే ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది. థార్‌కు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు బండిని గుద్దించి చూసే భద్రతా పరీక్షలో ఐదింటికి పెద్దలకూ పిల్లలకూ నాలుగేసి నక్షత్రాలు వచ్చాయి. మేము కొనడానికి అసలు కారణం అదే. రోహిణి కార్తెలో అమ్మను నెల్లూరు ఆసుపత్రికి తీసుకువెళ్లేటప్పుడు ఏసీ విలువ వేరే చెప్పనవసరం లేదు.

మరమ్మతు దగ్గరికి వస్తే జీపు మళ్లీ ముందుకొస్తుంది. డీజిల్ పైపులో గాలి చేరితే నట్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి, నురగ ఆగి చిక్కటి డీజిల్ వచ్చేదాకా చూసి బిగిస్తే సరిపోతుంది. ఆ పని గుంటల దగ్గర కాపలా ఉండే మనిషికి కూడా వచ్చు. కమాను పట్టీ విరిగితే ఊళ్లోనే మారుస్తారు. ట్రాక్టరు ముందు టైర్లదీ అదే 6.00-16 కొలత కాబట్టి ట్యూబు ఎక్కడైనా దొరుకుతుంది. అరుదైన సామాను కోసం చెన్నై పుదుపేట వెళితే చాలు. కొత్త తరం బండ్లలో చక్రం దగ్గరి సెన్సర్ వైరు ఒక్కటి ముళ్లకంపకు తెగినా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, ఈఎస్‌పీ, బ్రేకుతో చక్రాన్ని ఆపే ఏర్పాటు మూడూ కలిసి పోతాయి, దాన్ని కంప్యూటరు పెట్టి చూడగల చోటికే తీసుకెళ్లాలి. బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లన్నిటికీ పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. గట్ల మీద మొదటి గేరులో రోజుల తరబడి తిరిగితే అది నిండుతుంది. మేము వీలు చూసుకుని కావలి దాకా రహదారి మీద ఒకే వేగంతో వెళ్లి వస్తాం, ఆ వేడికి మసి కాలిపోతుంది.

తేలిక బండే కావాలనుకునేవారికి ఒకప్పుడు మారుతి జిప్సీ ఉండేది. 2023లో వచ్చిన మారుతి జిమ్నీ సుమారు 1,200 కిలోల బరువుతో, ముందూ వెనుకా గట్టి ఇరుసులతో ఆ దారిలోనే ఉంది. కాకపోతే పెట్రోలు బండి, మేత బస్తాలకు చోటు తక్కువ.

పాత జీపు కొనాలనుకునేవారు రంగును, కొత్త సీట్లను చూసి బేరం కుదుర్చుకోవద్దు. ముందు బండి కిందికి దూరి, కమాను కట్టలు చాసిస్‌కు కలిసే చోట్ల సుత్తితో కొట్టి చూడండి. ఖణేల్‌మనాలి, పెచ్చులు రాలితే వదిలేయండి. ఇసుకలోకి తీసుకెళ్లి లో గేరు పడుతోందో లేదో, పడ్డాక ఊడి వస్తోందో చూడండి. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఫిట్‌నెస్ పరీక్ష జరిగి ఆర్‌సీ ఐదేళ్లకు పొడిగించి ఉండాలి. చాసిస్ మీద కొట్టిన నంబరు ఆ ఆర్‌సీలోని నంబరుతో అంకె అంకె సరిపోవాలి. ఇంజను మార్చిన జీపులు మన వైపు చాలా ఉన్నాయి, ఆ మార్పు కూడా ఆర్‌సీలోకి ఎక్కిందని చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.