అడవివరం వైపు ఓ అడవి మొక్కల నర్సరీ: గంధానికి మంచి మార్కులు, చీటీలకి సున్నా

'తూర్పు కనుమల అరుదైన మొక్కలు లభించును' అని బోర్డు. విశాఖలో క్రోటన్లూ గులాబీలూ కాకుండా ఇలాంటివి అమ్మడమే విశేషం కాబట్టి కాస్త వివరంగానే చూడాలి.

శ్రీగంధం దగ్గర పనితనం కనబడుతుంది. గంధం సగం పరాన్నజీవి. పక్క మొక్క వేళ్లలోకి తన వేళ్లు దించి నీరూ పోషకాలూ లాక్కుంటుంది. ఇక్కడ ప్రతి కవర్లోనూ తోడుగా ఒక కంది మొక్క ఉంది, అది గంధాన్ని కమ్మెయ్యకుండా కొసలు కత్తిరించి ఉన్నాయి. తోడు లేనిది కవర్లో కొన్నాళ్లు పచ్చగానే ఉండి, నేలలో పడ్డాక పసుపెక్కి ఆగిపోతుంది. నాటేటప్పుడు కందిని కలుపనుకుని పీకెయ్యకండి. అది పోయేలోగా పక్కన సరుగుడో కానుగో అందుకోవాలి.

విత్తనాల అర మాత్రం దండగ. సంపెంగ గింజలు కాగితం పొట్లాల్లో, ఎండ పడే చోట గలగలలాడుతున్నాయి. గలగలలాడాయంటే చచ్చినట్టే. సంపెంగ కాయ పగలగానే ఎర్ర గుజ్జుని ఇసుకతో రుద్ది కడిగి, వెంటనే నీడ మడిలో వెయ్యాలి. మొలకకి నెల పైనే పడుతుంది. నేరేడుదీ ఇదే గుణం. విత్తన బ్యాంకుల్లో తేమ 5 శాతం దాకా దించి మైనస్ 20 డిగ్రీల దగ్గర దాచేది ఎండినా బతికే గింజల్నే. నేరేడు, గుగ్గిలం లాంటివాటిని చెట్లుగా బతికించుకోవాల్సిందే, అరుదైన చెట్లు పెంచే తోటల అవసరం అక్కడే.

ఎర్రచందనం వరసలో కొన్ని బండి గురివెంద మొక్కలు కలిశాయి. పోల్చుకోవడం తేలికే: ఎర్రచందనానికి ఒక్కో ఆకులో సాధారణంగా మూడే రెబ్బలు, గుండ్రంగా, కొసన చిన్న నొక్కుతో ఉంటాయి. బండి గురివెందకి చింతాకులా బోలెడు చిన్న రెబ్బలు. కవరు అడుగు కూడా చూడండి. తల్లివేరు పాములా చుట్ట చుట్టుకుని ఉంటే వదిలెయ్యండి, ఆ చెట్టు గాలివానకి నిలబడదు. మన ఊళ్లో ఆ సంగతి 2014 హుద్‌హుద్ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

అసలు లోపం చీటీల్లో ఉంది. పేరు తప్ప ఇంకేమీ లేదు. గింజ ఎక్కడిదంటే 'ఈ కొండ మీదవే సార్' అంటారు. ఎర్రచందనం సొంతూరు శేషాచలం, నల్లమల వైపు. సింహాచలం కొండ కాదు. తల్లి చెట్టు ఉన్న చోటు, సేకరించిన తేదీ, ఎన్ని చెట్ల నుంచి తెచ్చారు, వరస నంబరు, ఈ నాలుగూ లేకపోతే అది పెరటి మొక్కే తప్ప ఆ జాతి సంరక్షణకి పనికిరాదు. ఒక్క చెట్టు గింజలతో వంద మొక్కలు పెంచితే వందా తోబుట్టువులే, వాటిలో అవే కలిస్తే తర్వాతి తరం బలహీనపడుతుంది. ఒకే ప్రాంతంలో కనీసం 30, కుదిరితే 50 చెట్ల నుంచి తేవాలి. దీనికి పెద్ద ఖర్చేం లేదు. పల్చటి అల్యూమినియం రేకు మీద బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి రాస్తే ఏళ్లపాటు చెరగదు. ఇప్పుడున్న మార్కర్ రాత మన ఎండకి అప్పుడే సగం పోయింది.

గంధం కొనొచ్చు. సంపెంగ కావాలంటే మొక్కే తీసుకోండి, గింజలొద్దు. ఎర్రచందనం కొంటే బిల్లు అడిగి దాచుకోండి: సొంత స్థలంలో పెంచినా, రేపు కొట్టాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి.