రెండున్నరేళ్లుగా ఒకటే తెల్ల జత

ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులో పని చేస్తాను. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా టైల్స్ మీద నిలబడే ఉంటాను. కింది అరలో గైడ్లు తీయాలంటే గొంతుక్కూర్చోవాలి, పై అరకి మునివేళ్ల మీద లేవాలి. ఈ పనికి పాతకాలపు బాస్కెట్‌బాల్ షూని మించింది నాకింకా దొరకలేదు.

1969 నాటి ఆడిడాస్ సూపర్‌స్టార్, 1982 నాటి నైకీ ఎయిర్ ఫోర్స్ 1 కోర్టులో ఆడేవాళ్ల కోసం వచ్చాయి. ఆ తీరు షూలు ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి. నాది అలాంటిదే, చీలమండ కిందికి ఉండే లెదర్ జత.

మొదటి రెండు వారాలు మడమ వెనక ఒరుసుకుని బొబ్బ లేచింది. లెదర్ మెత్తబడ్డాక ఆ బాధ పోయింది. సోల్ స్పంజిలా దిగిపోదు, మందంగా, వెడల్పుగా, గట్టిగా ఉంటుంది. ఇంతకు ముందు మెత్తటి రన్నింగ్ షూలో సాయంత్రానికి మడమలు లాగేసేవి. వీటిలో పాదం అటూ ఇటూ ఒరగదు, లాగడం తగ్గింది.

నడకకి మాత్రం వద్దు, బరువు. ఒక ఆదివారం ప్రకాశం బ్యారేజీ మీద ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లొచ్చాను. రానూపోనూ రెండు కిలోమీటర్ల పైనే, పిక్కలు పట్టేశాయి. మే నెలలో అయితే మధ్యాహ్నానికే సాక్సు తడిసిపోతుంది.

అడుగున బొటనవేలి మొదట్లో ఒకదానిలో ఒకటిగా గుండ్రటి గీతలుంటాయి. కోర్టులో ఒంటికాలి మీద గిర్రున తిరగడానికి పెట్టినవి. ర్యాకుకీ కౌంటరుకీ మధ్య నేనూ రోజంతా అలాగే తిరుగుతాను. ఇప్పుడవి అరిగి నున్నగా అయ్యాయి, వానపడితే షాపు మెట్ల మీద జాగ్రత్తగా దిగుతున్నాను.

గొంతుక్కూర్చున్న ప్రతిసారీ మడత పడీపడీ వేళ్ల దగ్గర మూడు ముడతలు తేలాయి. తెలుపు కూడా మీగడ రంగుకి తిరిగింది. నాకైతే కొత్తలో కన్నా ఇప్పుడే అందంగా ఉన్నాయి. జీన్స్ మీదకీ, పెళ్లికి వేసుకున్న కుర్తా మీదకీ నప్పాయి.

పోయిన ఎండాకాలం బండి మీద ఎండలో మరిచిపోతే ముందువైపు జిగురు ఊడింది. సోల్ చుట్టూ దారంతో కుట్టి ఉండటం వల్ల విడిపోలేదు. గవర్నర్‌పేటలో చెప్పులు కుట్టే పెద్దాయన కుట్టు మీద గోరుతో గీకి చూసి, "ఇది గట్టిది బాబూ, జిగురొక్కటి చాలు" అన్నాడు. కొనేటప్పుడు మీరూ ఆ కుట్టు ఉందో లేదో చూడండి. సైజు సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బాక వేసి చూసుకోండి.