తొమ్మిదేళ్లుగా మా పూర్వ విద్యార్థుల క్లబ్‌లో: నేను వెళ్లేది ఆ ప్రశ్నల అరగంట కోసం

"అక్కా, మీ క్లబ్‌లో చేరితే ఏమైనా ఉపయోగం ఉంటుందా?" అని ఈమధ్య ఒక జూనియర్ ఫోన్ చేసి అడిగింది. గంటసేపు మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే అందులో ముప్పావు గంట ఒకే ఒక్క విషయం గురించి చెప్పాను. ఇక్కడ రాసేదీ అదే.

మా యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సంఘానికి ఇదొక ప్రాంతీయ క్లబ్. చేరి తొమ్మిదేళ్లు దాటింది. వార్షిక సమావేశం, కుటుంబాలతో కలిసే రోజు, వాట్సాప్ గ్రూప్, నెలకో ప్రసంగం... ఇవి ఇలాంటి క్లబ్బుల్లో ఎక్కడైనా ఉండేవే. నన్ను ఇన్నేళ్లు పట్టి ఉంచింది మాత్రం ప్రసంగం ముగిశాక వచ్చే ప్రశ్నల అరగంట.

చదువుకునే రోజుల్లో నేను క్లాసులో లేచి ప్రశ్న అడిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందరికీ తెలిసిందే అడుగుతున్నానేమో, నవ్వుతారేమో అని టెన్షన్. ఇక్కడ అది పోయింది. ముప్పై నలభై మంది కూర్చుంటారు. లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు, కోర్టులో ప్రాక్టీసు చేసేవాళ్లు, వ్యవసాయ శాస్త్రం చదివి బ్యాంకులో చేరినవాళ్లు, ఇల్లు చూసుకుంటున్నవాళ్లు. మాట్లాడే మనిషికి తప్ప మిగతా అందరికీ ఆ విషయం కొత్తే. అందుకే డెబ్బై ఏళ్ల పెద్దాయనా, మొన్న పాసై వచ్చిన కుర్రాడూ ఒకేలాంటి ప్రశ్నలు అడుగుతారు. సీనియర్, జూనియర్ అనే లెక్క అక్కడ ఉండదు.

ఇది దానంతటదే రాలేదు. మొదటి రెండేళ్లు ప్రశ్నల సమయమంటే ఎవరో ఒకరు మైకు పట్టుకుని పది నిమిషాలు సొంత ప్రసంగం చేయడమే. తర్వాత ఈ కార్యక్రమాలు చూసుకునే బాధ్యత తీసుకున్న ఒక సీనియర్ అన్న ఒక నియమం పెట్టారు. ప్రశ్న నిమిషం దాటకూడదు, చివర అది ప్రశ్నగానే ముగియాలి. ఆ రోజు ఆయన ఒక పాత సంగతి చెప్పారు. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, మరికొందరు యువకులు కలిసి శుక్రవారం సాయంత్రాలు చర్చలకు కూర్చునేవారు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలన్నదే వాళ్ల ఉద్దేశం. వాదన ముదరకుండా ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: నా మాటే కరెక్టని మొండిగా అన్నా, ఎదుటివాళ్ల మాటను మొహం మీదే కొట్టిపారేసినా చిన్న జరిమానా. మా దగ్గర జరిమానా లేదు. నిమిషం కాగానే అన్న చేయి పైకెత్తుతారు, అంతే. అది చాలింది.

ఇక ఆ రోజు సంగతి. ఈ క్లబ్ అంటే నాకు ఎందుకింత ఇష్టమో ఆ ఒక్క సాయంత్రం చెబితే చాలు.

ఆ నెల బయటి నుంచి ఒక పెద్ద వక్తను పిలిచారు. నెల ముందు నుంచీ గ్రూపులో ప్రకటనలు వచ్చాయి. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు, కుర్చీలు చాలక పక్క గది నుంచి తెచ్చారు. మొదలుకావలసిన సమయానికి పది నిమిషాల ముందు ఆయన రాలేనని కబురు పంపారు. కారణం సరైనదే, ఆయన తప్పేమీ లేదు. కానీ స్టేజీ పక్కన కార్యదర్శి మొహం చూస్తే జాలేసింది. ఫోన్ చెవికి పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడిపోయారు. ఒకరిద్దరు అప్పటికే లేచి బ్యాగులు సర్దుకుంటున్నారు.

అప్పుడు ఆ సీనియర్ అన్న మూడో వరుసలో ఉన్న ఒకామె దగ్గరికి వెళ్లి వంగి ఏదో అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపారు. ఆయన మళ్లీ అడిగారు. నాలుగైదేళ్లుగా వస్తున్నా ఆమె మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఒక రక్తనిధి ల్యాబులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నారని కూడా అప్పుడే తెలిసింది. చివరికి లేచి వైట్‌బోర్డు దగ్గరికి వెళ్లారు. ప్రొజెక్టర్ లేదు, కాగితం ముక్క లేదు. చేతిలో ఉన్న మార్కర్ సగం ఆరిపోయింది. గీసిన గీత మీదే రెండోసారి గీస్తే గానీ కనిపించలేదు.

మొదట గొంతు వణికింది. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన రక్తాన్ని, ల్యాబులో తోటివాళ్ల రక్తాన్ని ఒకరిదొకరితో కలిపి చూసిన సంగతితో మొదలుపెట్టారు. కొన్ని కలిశాయి, కొన్ని ఇసుక రేణువుల్లా గుంపులు కట్టాయి. రక్తం గ్రూపులనేవి ఉన్నాయని అలా తెలిసింది. అంతకుముందు రక్తం ఎక్కించడమంటే బతుకుతారో పోతారో తెలియని పని. ఇది చెబుతున్నప్పుడే ఆమె గొంతు కుదుటపడింది. బోర్డు మీద నాలుగు గుండ్రాలు గీసి, ఏ గుండ్రం ఏ గుండ్రంతో కలవదో బాణాలు వేసి చూపించారు. ఇరవై నిమిషాల్లో ముగించి, "ఇంతేనండీ నాకు తెలిసింది" అని కూర్చోబోయారు.

ఎవరూ కూర్చోనివ్వలేదు. ఆ రోజు ప్రశ్నలు గంటన్నర నడిచాయి.

మా లెక్కల మాస్టారు అడిగారు: "'ఓ' గ్రూపు వాళ్లకు 'ఓ' రక్తమే ఎక్కిస్తే ఎప్పుడూ సరిపోతుందా?" ఆమె మొహంలో ఒక వెలుగు చూశాను. సరిపోదని చెప్పారు. 1952లో బొంబాయిలో బయటపడిన అరుదైన గ్రూపు ఒకటి ఉంది, దానికి బాంబే గ్రూపు అనే పేరు. మామూలు పరీక్షలో వాళ్లు ఓ గ్రూపుగానే కనిపిస్తారు. కానీ ఓ గ్రూపు వాళ్ల ఎర్రకణాల మీద కూడా ఉండే ఒక పదార్థం వీళ్లలో ఉండదు. అందుకని ఓ రక్తం కూడా పడదు, తమలాంటి వాళ్లదే కావాలి. ఎక్కించే ముందు దాత రక్తాన్ని, రోగి రక్తాన్ని కలిపి చూసే క్రాస్ మ్యాచింగ్ ఎందుకు తప్పనిసరో అప్పుడు అర్థమైంది. అంతవరకూ అదొక ఆస్పత్రి ఫార్మాలిటీ అనుకునేదాన్ని.

అసలు ప్రశ్న మాత్రం ఒక కుర్రాడి నుంచి వచ్చింది. ఏటా మన క్లబ్ పెట్టే రక్తదాన శిబిరం వల్ల మీ ల్యాబుకు ఎంత ఉపయోగం అని అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించారు. కమిటీ వాళ్లంతా ముందు వరుసలోనే ఉన్నారు మరి. తర్వాత మెల్లగా చెప్పారు. ఒక యూనిట్ రక్తాన్ని ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీస్తారు. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో ఐదారు వారాలు నిలుస్తాయి. ప్లాస్మాను గడ్డకట్టిస్తే ఏడాది ఉంటుంది. ప్లేట్‌లెట్లకు చల్లదనం పనికిరాదు. ఇరవై నుంచి ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర, ఆగకుండా ఊపుతూ ఉంచాలి. అలా ఉంచినా మామూలుగా ఐదు రోజులే. ఒక్క రోజున వందమంది ఇస్తే ఆరో రోజుకు ఆ ప్లేట్‌లెట్లలో వాడనివన్నీ పారేయాలి. "ఎంతమంది ఇచ్చినా మంచిదేనండీ. కానీ మాకు ఎక్కువగా కావలసింది, ఏడాది పొడవునా అడిగినప్పుడు వచ్చేవాళ్లు" అన్నారు.

గది నిశ్శబ్దమైపోయింది. మా శిబిరం ఫొటోలు ఏటా గ్రూపులో పెట్టుకుని గర్వపడేవాళ్లం. ఎవరూ నొచ్చుకోలేదు. ఆ రాత్రే గ్రూపులో ఒక పట్టిక మొదలైంది. పేరు, రక్తం గ్రూపు, చివరిసారి ఎప్పుడు ఇచ్చారు, ఏ రోజుల్లో రాగలరు. శిబిరం ఇప్పటికీ పెడుతున్నాం, కానీ పట్టికే ముఖ్యమైంది. నేను దాని ద్వారా మూడుసార్లు వెళ్లి ఇచ్చాను.

ఆ సాయంత్రం చివర కార్యదర్శి ఒక కథ చెప్పారు. లండన్‌లోని సైన్స్ సంస్థ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1846లో ఒక శుక్రవారం ప్రసంగానికి శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టోన్ రావలసి ఉండగా, జనాన్ని చూసి భయపడి వెళ్లిపోయాడని చెప్పుకుంటారట. ఆ రోజు నిలబడి మాట్లాడింది మైఖేల్ ఫారడే. చెప్పాలనుకున్నది ముందే అయిపోవడంతో కాంతి గురించి తన మనసులో నలుగుతున్న ఊహలు కూడా బయటపెట్టేశాడు. కాంతికీ విద్యుదయస్కాంతత్వానికీ ఉన్న సంబంధం తర్వాతి కాలంలో తేలింది, అటువైపు వెళ్లిన తొలి ఆలోచనల్లో అదొకటి. వీట్‌స్టోన్ పారిపోయిన కథ ఎంతవరకు నిజమో గానీ, వక్త పారిపోకుండా ముందు కాసేపు గదిలో పెట్టి తాళం వేసే ఆనవాయితీ అక్కడ చాలాకాలం నడిచింది.

ఆ రోజు తర్వాత ప్రతి నెలా సభ్యుల్లోనే ఒకరు మాట్లాడాలని కమిటీ నిర్ణయించింది. నేను చప్పట్లు కొట్టినవాళ్లలో ఉన్నాను. అన్ని నెలలూ అలా జరగలేదు. కొందరికి తమ పని గురించి బాగా తెలుసు, చెప్పడం రాదు. ఒకాయన పెట్టుబడుల గురించి చెబుతానని వచ్చి, చివర తన దగ్గర చేరమని ఫారాలు పంచారు. నాకు చాలా కోపం వచ్చింది. మా అమ్మానాన్నల వయసువాళ్లు కొందరు మొహమాటానికి సంతకాలు పెట్టారు. తర్వాత ఏ వక్తా ఏదీ అమ్మకూడదని నియమం చేశారు. ఆ పని ముందే చేసి ఉండాల్సింది.

ప్రసంగాల గది దాటితే ఈ స్వేచ్ఛ కూడా అంతగా కనిపించదు. వార్షిక సమావేశంలో ముందు వరుసలు పాత బ్యాచ్‌లవే, పరిచయాలకూ జ్ఞాపికలకూ ఫొటోలకూ సగం రోజు పోతుంది. కొత్తగా పాసైనవాళ్లు ఒకటి రెండుసార్లు వచ్చి మానేస్తారు. ప్రసంగాలన్నీ సాయంత్రాలే కావడంతో చిన్నపిల్లలున్న తల్లులు రాలేరు. ఆన్‌లైన్‌లో చూడొచ్చు కదా అంటారు. చూడొచ్చు. కానీ ఆ రోజు ఆమె కాసేపు ఆగి ఆలోచించిన క్షణం తెర మీద చూసి ఉంటే, నెట్ ఆగిపోయిందనుకునేదాన్ని.

ఉద్యోగ పరిచయాల కోసం చేరాలనుకునేవాళ్లకు ఒక మాట. ఉద్యోగం కబురు దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల నుంచే ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానవెటర్ 1973లోనే రాశారు. ఆ లెక్కన ఇలాంటి క్లబ్ పనికొచ్చేదే. మా గ్రూపులో అలా ఉద్యోగాలు దొరికినవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఆ విధంగా ఏమీ కలిసిరాలేదు, నేనూ అడగలేదు.

నేను ఒక్కదాన్నే ఉంటాను, పని పగలే అయిపోతుంది, క్లబ్ గది నడిచి వెళ్లేంత దూరం. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా తొమ్మిదేళ్లు వెళ్లేదాన్నో లేదో చెప్పలేను. ఫోన్ చేసిన అమ్మాయికి రెండేళ్ల పాప ఉంది. తనను ముందు సభ్యత్వం కట్టకుండా, అతిథిగా రెండు ప్రసంగాలకు రమ్మన్నాను, పాపతోనే రమ్మన్నాను. వెనక తలుపు దగ్గర కూర్చుంటే ఏడ్చినప్పుడు బయటికి వెళ్లి రావచ్చు. నేనైతే ఈ ఏడాదికి రుసుము కట్టేశాను. శాశ్వత సభ్యత్వం తీసుకోమని కమిటీ అడుగుతూనే ఉంది. ఆ సీనియర్ అన్న ఈ బాధ్యత వదిలేశాక ప్రశ్నల అరగంటను ఎవరు చూసుకుంటారో తేలేవరకు ఆగుతానని చెప్పాను.