నెలవారీ ఖర్చు పంపకం: అడుగుల లెక్కా, ఇంటికింతా, మనిషికింతా - ఏది మేలు?

ముప్ఫై కుటుంబాలు ఒకే బోరు నీళ్లు వాడుకుంటూ, ఒకే వాచ్‌మన్‌కు జీతమిస్తూ, ఒకే గేటు లోపల కాపురముంటున్నప్పుడు ప్రతి నెలా తేలవలసిన ప్రశ్న ఒకటుంది: ఉమ్మడి ఖర్చును ఏ కొలతతో పంచాలి? వాడుకలో ఉన్న కొలతలు మూడు. ఇంటి విస్తీర్ణాన్ని బట్టి చదరపు అడుగుకు ఇంత అని వసూలు చేయడం మొదటిది. చిన్నదైనా పెద్దదైనా ఇంటికి ఇంత అనడం రెండోది. ఇంట్లో ఉన్నవారిని లెక్కపెట్టి మనిషికి ఇంత అనడం మూడోది. హైదరాబాదులో ఇలాంటి ఒక సముదాయానికి నాలుగేళ్లు కోశాధికారిగా పనిచేసి, మూడింటి మీదా తగాదాలు విన్నాను కనుక, నా అభిప్రాయాన్ని లెక్కలతో సహా ఇక్కడ పెడుతున్నాను.

లెక్క సులువుగా ఉండడానికి ఒక నమూనా తీసుకుందాం. 900 అడుగుల ఇళ్లు పది, 1,200 అడుగులవి పది, 1,800 అడుగులవి పది. మొత్తం 39,000 చదరపు అడుగులు. నెల ఖర్చు 1,17,000 రూపాయలు. అడుగుల లెక్కన అడుగుకు మూడు రూపాయలు పడుతుంది కనుక చిన్న ఇల్లు 2,700, మధ్య ఇల్లు 3,600, పెద్ద ఇల్లు 5,400 కట్టాలి. ఇంటికింత అంటే అందరూ 3,900 చొప్పున కట్టాలి. చిన్న ఇంటివారికి రెండు పద్ధతుల మధ్య తేడా నెలకు 1,200 రూపాయలు, పెద్ద ఇంటివారికి 1,500. సర్వసభ్య సమావేశంలో ఎవరు ఏ పక్షాన మాట్లాడతారో వాళ్ల ఇంటి విస్తీర్ణం తెలిస్తే ముందే చెప్పవచ్చు.

అడుగుల లెక్కను సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. ఉమ్మడి స్థలంలో ఎవరి అవిభక్త వాటా ఎంతో రిజిస్ట్రేషన్ దస్తావేజులోనే రాసి ఉంటుంది, అది సాధారణంగా విస్తీర్ణాన్ని బట్టే నిర్ణయమవుతుంది. ఆస్తిలో వాటా ఎక్కువైనప్పుడు దాని పోషణలోనూ వాటా ఎక్కువ కావడం సహజం. అయితే వాచ్‌మన్ 1,800 అడుగుల ఇంటికి రెండింతల కాపలా కాయడు, చెత్త బండివాడు పెద్ద ఇంటి బుట్టను రెండుసార్లు ఎత్తడు. ఈ మాట పెద్ద ఇంటివారు అన్నప్పుడు స్వార్థంగా వినిపిస్తుంది గానీ, లెక్కగా చూస్తే అది సరైన మాటే.

ఈ విషయంలో చట్టం కూడా ఒకే జవాబు చెప్పదు. మహారాష్ట్రనే తీసుకుంటే, 1970 నాటి అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం కింద ఉన్న సముదాయాలు ఖర్చును అవిభక్త వాటా ప్రకారం పంచుకోవాలి. అదే రాష్ట్రంలో సహకార గృహ సంఘాల నమూనా నిబంధనలు మాత్రం ఖర్చును పద్దులుగా విడదీస్తాయి: కాపలా, శుభ్రత, కార్యాలయం వంటి సేవల ఖర్చు ఇళ్లన్నింటికీ సమానం, నీటి బిల్లు ఒక్కో ఇంటికి ఉన్న కొళాయిల సంఖ్యను, సైజును బట్టి, మరమ్మతుల నిధికి ఇంటి నిర్మాణ వ్యయంలో ఏడాదికి కనీసం 0.75 శాతం, భవనం పాతబడినప్పటి అవసరాలకు దాచే సింకింగ్ ఫండ్‌కు 0.25 శాతం. ఎన్నో ఏళ్ల తగాదాల తర్వాత తేలిన తీర్పులా కనిపిస్తుంది నాకు ఈ విభజన. మన దగ్గర సంఘం 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదైనా, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైనా, పంపక పద్ధతిని సంఘం సొంత నియమావళి అయిన బైలాలో పద్దుల వారీగా రాసుకోవడం మంచిది.

లిఫ్టు గురించి ఆ మహారాష్ట్ర నిబంధనల్లో ఉన్న మాట ప్రత్యేకంగా చెప్పుకోదగినది: లిఫ్టున్న భవనంలోని సభ్యులందరూ, ఎక్కినా ఎక్కకపోయినా, దాని ఖర్చు సమానంగా భరించాలి. మా సముదాయంలో కింది అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ ప్రతి ఏప్రిల్లోనూ నన్ను ఆపి, "నేను లిఫ్టెక్కను గదా బాబూ, ఆ డబ్బులు నా దగ్గరెందుకు తీసుకుంటారు?" అని అడిగేవారు. "మరి వడియాల పళ్లెం డాబా మీదికి ఎలా వెళ్తోంది పిన్నిగారూ?" అని ఒకసారి అడిగితే నవ్వేసి రసీదు తీసుకున్నారు.

ఇక మూడో కొలత. నీటి విషయంలో ఈ మూడింటిలో దీనికి మించిన న్యాయం లేదు. పట్టణాల్లో నీటి సరఫరాకు కేంద్రం పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. ఆ లెక్కన ఇద్దరున్న ఇంటికి నెలకు 8,100 లీటర్లు, నలుగురున్న ఇంటికి 16,200 లీటర్లు కావాలి. హైదరాబాదులో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు జలమండలి నీళ్లు ఉచితం. అయితే వేసవిలో బోరు అడుగంటి ట్యాంకర్లు రావడం మొదలయ్యాక ప్రతి లీటరుకూ ధర ఉంటుంది. అర్ధరాత్రి సంపు మూత తీసి ట్యాంకర్ పైపు లోపలికి దించుతున్నప్పుడు టార్చి పట్టుకుని నిలబడినవారికి, ఇద్దరే ఉన్న ఇల్లూ ఆరుగురున్న ఇల్లూ ఆ నీటికి ఒకే మొత్తం కట్టడం ఎంత అసంబద్ధమో తెలుస్తుంది. ఇంటింటికీ నీటి మీటరు పెట్టుకోగలిగితే తలల లెక్క అవసరమే లేదు, అదే అన్నిటికన్నా ఉత్తమం. కానీ పాత భవనాల్లో ఒక్కో ఇంటికి వంటగదికొకటి, స్నానాల గదికొకటి చొప్పున మూడు నాలుగు పైపులు దిగుతాయి కనుక మీటర్ల ఖర్చు తడిసి మోపెడవుతుంది.

నీటిని దాటి మిగతా ఖర్చులన్నింటికీ తలల లెక్క పెడితే మాత్రం పద్ధతి కుప్పకూలుతుంది. అమెరికాలో కొడుకు దగ్గర ఎనిమిది నెలలు ఉండే దంపతుల ఇంటికి తాళం ఉంటుంది. వారి వాటా సున్నా అయితే వాచ్‌మన్ జీతం ఎవరివ్వాలి? తాళం వేసిన ఇంటికి కాపలా ఇంకా ఎక్కువ అవసరం. ఉమ్మడి వంటశాల ఉన్నచోట భోజనం ఖర్చు సంగతి వేరు. సొంత ఇళ్లతో పాటు అందరికీ ఒక ఉమ్మడి ఇల్లు పెట్టుకునే పద్ధతికి పుట్టిల్లయిన డెన్మార్కులో, 1972లో 27 కుటుంబాలతో మొదలైన సేట్టెడామెన్ తర్వాత వచ్చిన ఇలాంటి సముదాయాల్లో, ఉమ్మడి భోజనానికి ముందుగా పేరు రాయించుకున్నవారే ఆ పూట డబ్బు కట్టడం మామూలు. మన దగ్గర నలుగురు స్నేహితులు కలిసి పొలం కొని ఉమ్మడి వంటశాల పెట్టుకోవాలనుకుంటే, ఆ ఖాతాను నెల చందాతో కలపకుండా మొదటి రోజు నుంచీ విడిగా ఉంచుకోవాలి.

కనుక నా మొగ్గు మూడింటినీ కలిపిన పద్ధతి వైపే. పై నమూనాలో సేవలకయ్యే 66,000 రూపాయలను ఇంటికి 2,200 చొప్పున, మరమ్మతులకూ నిధికీ పోయే 39,000 రూపాయలను అడుగుకు రూపాయి చొప్పున, నీటికయ్యే 12,000 రూపాయలను వంద మంది మీద తలకు 120 చొప్పున పంచుదాం. చిన్న ఇంట్లో ఇద్దరుంటే 3,340 వస్తుంది, అదే ఇంట్లో ఐదుగురుంటే 3,700. మధ్య ఇంట్లో నలుగురుంటే 3,880. పెద్ద ఇంట్లో ఇద్దరే ఉంటే 4,240. ఇద్దరేసి ఉన్న చిన్న, పెద్ద ఇళ్ల మధ్య దూరం అడుగుల లెక్కలోని 2,700 నుంచి 900 రూపాయలకు తగ్గింది. ఇది కూడా కొందరికి నచ్చదు, కానీ ఏ రూపాయి ఎందుకు కడుతున్నారో ప్రతి ఒక్కరికీ రసీదు మీద చూపించవచ్చు. మూడు కొలతలను మించి పెట్టుకోవద్దని మాత్రం అనుభవం మీద చెబుతున్నాను. పెంపుడు కుక్కకు ఇంత, రెండో కారుకు ఇంత అని చేర్చుకుంటూ పోతే కోశాధికారి పదవికి మనిషి దొరకడు.

పద్ధతి ఎంచుకునే ముందు జీఎస్టీ కూడా చూసుకోవాలి. సంఘం వార్షిక వసూళ్లు 20 లక్షలు దాటి, ఒక సభ్యుడి నెల చందా 7,500 కూడా దాటితే ఆ చందా మీద 18 శాతం పన్ను పడుతుంది. 2018 జనవరి దాకా ఈ పరిమితి ఐదు వేలే. మన నమూనాలో ఖర్చు రెట్టింపైందనుకోండి, వసూళ్లు ఏడాదికి 28 లక్షలు దాటుతాయి. ఇంటికింత పద్ధతిలో చందా 7,800 అవుతుంది, అంటే ముప్ఫై ఇళ్లూ పన్ను పరిధిలోకి వస్తాయి. అడుగుల లెక్కలో 10,800 కట్టే పది పెద్ద ఇళ్లకే ఆ భారం పడుతుంది. కలిపిన పద్ధతిలో పెద్ద ఇళ్లతో పాటు, ముగ్గురు లేదా అంతకు మించి ఉన్న మధ్య ఇళ్లకూ, ఆరుగురు లేదా అంతకు మించి ఉన్న చిన్న ఇళ్లకూ పడుతుంది. మొత్తం చందా మీద పన్ను కట్టాలని 2019లో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. 7,500 దాటిన భాగం మీదే కట్టాలని 2021లో మద్రాసు హైకోర్టు చెప్పింది. 7,800 చందాకు మొదటి లెక్కన పన్ను 1,404 రూపాయలు, రెండో లెక్కన 54 రూపాయలు. ఈ రెండింటిలో దేన్ని పాటించాలో మీ ఆడిటర్‌ను అడిగి, ఆయన సమాధానాన్ని కాగితం మీద తీసుకోండి.

నిధి విషయంలోనూ ఎంపిక ఉంది: నెలనెలా కొంచెం దాచడమా, అవసరం వచ్చినప్పుడు ఒక్కసారిగా వసూలు చేయడమా? ఆరేళ్లకొకసారి బయటి గోడలకు రంగు వేయించడానికి తొమ్మిది లక్షలవుతుందనుకుంటే, నెలకు 12,500 చొప్పున దాచాలి. 900 అడుగుల ఇంటికి అది నెలకు 288 రూపాయలు. దాచకుండా ఉండి ఆరో ఏట అడిగితే అదే ఇల్లు ఒకేసారి 20,769 రూపాయలు తేవాలి. రెండూ ఒకటేనని వాదించేవారు ఉంటారు, కానీ ఈ మధ్యలో ఇల్లు అమ్మి వెళ్లిపోయినవారు ఐదేళ్ల ఎండావానకు తమ వాటా ఇవ్వకుండానే వెళ్లిపోతారు, ఆ బరువు కొత్తగా కొన్నవారి నెత్తిన పడుతుంది. అద్దెకున్న ఇళ్లలో నిధి వాటా యజమాని నుంచి, సేవల, నీటి వాటాలు అద్దెకున్నవారి నుంచి తీసుకోవడం ధర్మం.

చివరికి మా సముదాయంలో ఎక్కువ చర్చ జరిగింది ఇవేవీ కాదు, తలలను ఎప్పుడు లెక్కపెట్టాలన్న దాని మీద. ఏప్రిల్ ఒకటిన ఒకసారి, అక్టోబరు ఒకటిన ఒకసారి లెక్కపెట్టాలని, పండక్కి వచ్చిన చుట్టాలను కలపకూడదని, నెల దాటి ఉన్నవారిని కలపాలని, ఐదేళ్ల లోపు పిల్లలను వదిలేయాలని తీర్మానం రాసుకున్నాం. పురిటికి వచ్చిన కూతుళ్లను లెక్కించాలా వద్దా అన్నది మాత్రం ఆ ఇంటివారికే వదిలేశాం.