‘హకల్‌బెరీ ఫిన్’: క్లాసులో చెప్పాలా, లైబ్రరీలో ఉంచితే చాలా?

మార్క్ ట్వైన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’, పారిపోతున్న నల్లజాతి బానిస జిమ్‌తో కలిసి తిరిగిన హక్ అనే తెల్ల పిల్లవాడు చెప్పే కథ, అమెరికాలో 1885లో వచ్చింది. ఆ ఏడాదే మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ లైబ్రరీ దాన్ని మోటు పుస్తకమని తీసేసింది. ఇప్పటి అభ్యంతరం వేరు. నల్లజాతివాళ్లను కించపరిచే ఒక తిట్టు అందులో రెండు వందలకు పైగా సార్లు వస్తుంది. స్కూళ్ల ముందున్న దారులు మూడు: ఉన్నదున్నట్టు చెప్పడం, తిట్టు తీసేసిన ప్రతితో చెప్పడం, సిలబస్ నుంచి తప్పించి లైబ్రరీలో ఉంచడం.

రెండోది ముందే తేల్చేయొచ్చు. 2011లో అలన్ గ్రిబెన్ అనే ప్రొఫెసర్ ఆ తిట్టు బదులు ‘బానిస’ అని మార్చి ఒక ప్రతి తెచ్చారు. ఆ మాటకు భయపడి టీచర్లు నవలనే వదిలేస్తున్నారని ఆయన బాధ, అది న్యాయమైనదే. కానీ చిక్కు ఒక్క మాటలో లేదు. జిమ్‌కు అప్పటికే స్వేచ్ఛ వచ్చిందని తెలిసి కూడా, హక్ స్నేహితుడు టామ్ సాయర్ అతన్ని విడిపించడాన్ని ఒక ఆట చేసి రోజుల తరబడి ఏడిపిస్తాడు. ఏ మాట మార్చినా ఆ ఎగతాళి పోదు.

లైబ్రరీ దారిని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం. మిన్నెసోటాలోని డులూత్ స్కూళ్లు 2018లో ఈ నవలనూ, హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’నూ తప్పనిసరి పాఠాల నుంచి తీసేసి, చదవాలనుకున్నవాళ్ల కోసం అందుబాటులో ఉంచాయి. క్లాసులో ఒక్కరే నల్లజాతి విద్యార్థి ఉండి, ఆ తిట్టు పైకి చదివినప్పుడల్లా తలలన్నీ వాళ్లవైపే తిరిగితే? ఆ అవమానం ముందు ‘గొప్ప సాహిత్యం’ అనే మాట చిన్నబోతుంది.

అయినా నా ఓటు మొదటిదానికే. స్టీమర్‌లో సిలిండర్ పేలిందని హక్ ఒక కట్టుకథ చెబుతాడు. ఎవరికైనా దెబ్బ తగిలిందా అంటుంది టామ్ వాళ్ల శాలీ అత్త. ఎవరికీ లేదు, ఒక నల్లవాడు చచ్చాడంతే అంటాడు వాడు. అదృష్టం, ఒక్కోసారి మనుషులకు దెబ్బలు తగులుతాయి కదా అంటుందామె. మంచి మనసున్న మనిషే! ఆమె లెక్కలో ఆ చచ్చినవాడు మనిషి కాడు. ఒంటరిగా చదివే పిల్లలు ఈ రెండు లైన్లు దాటేసి వెళ్లిపోవచ్చు, లేదా రచయిత అభిప్రాయమే అదనుకోవచ్చు. ఇక్కడ ఆపి, “మరి చచ్చిందెవరు?” అని అడిగే టీచర్ కావాలి.

అయితే ఎనిమిదో తరగతిలో వద్దు. హైస్కూల్ చివర్లో, బానిసత్వ చరిత్ర కాస్త తెలిశాక చెప్పాలి. ఆ తిట్టును ఎవరూ పైకి చదవకూడదు. పక్కనే, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథ ఉండాలి. జిమ్ గురించి తెల్ల పిల్లవాడు చెప్పింది వినడం ఒకటి, బానిసగా బతికిన మనిషి తన గొంతుతో చెప్పింది వినడం ఇంకొకటి. ‘మాకింగ్‌బర్డ్’కూ ఇదే లోటు: కథంతా తెల్ల లాయర్ మంచితనం చుట్టూ తిరుగుతుంది, నింద పడ్డ నల్లజాతి మనిషి టామ్ రాబిన్సన్ మాట్లాడేది తక్కువ.

ఇంత టైమ్ లేదు, నాలుగు పీరియడ్లలో ముగించి పరీక్ష పెట్టేయాలి అనే స్కూల్ అయితే లైబ్రరీలో ఉంచడమే నయం. దిద్దిన ప్రతి మాత్రం వద్దు.